మొదటి జాబితా

మార్చి 3, సోమవారం

నా తెలుగు బీదది. ఆ సంగతి ముందే ఒప్పుకుని, క్షమాపణ చెప్పుకుని మొదలుపెడుతున్నాను. ఎవరికి చెప్పుకుంటున్నానో తెలియదు, ఎందుకంటే ఈ పుస్తకం ఎవరూ చదవడానికి కాదు. నలభై రెండో ఏట రాత్రి కాలేజీలో చేరి, నలభై ఆరో ఏట డిగ్రీ పుచ్చుకున్నవాణ్ణి. అక్కడి తెలుగు లెక్చరర్ నా వ్యాసాల మీద ఎర్ర సిరాతో, మీ వాక్యాలు బూట్లు పాలిష్ చేసుకుని వస్తున్నాయి, అప్పుడప్పుడైనా చెప్పులేసుకుని రానివ్వండి సార్, అని రాసేవారు. పదిహేనేళ్ళు సైన్యంలో ఉన్నవాడి వాక్యాలు మరెలా వస్తాయి?

ఈ పుస్తకం కొనడానికి కారణం ఇవాళ వచ్చిన ఉత్తరం. సైన్యపు రిజర్వు ఆఫీసు నుంచి. నీటి సరఫరా విభాగంలో పనిచేసి వెళ్ళినవారు, యాభై ఏళ్ళ లోపువారు, మళ్ళీ చేరవచ్చునట. నెలకు రెండు రోజుల డ్యూటీ, ఏడాదికి పదిహేను రోజుల క్యాంపు. పిలుపు వస్తే ఎక్కడికైనా వెళ్ళాలి. డిగ్రీ ఉన్నవారికి వారెంట్ ఆఫీసరు హోదా.

ఆ చివరి వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో రాయను. సర్వీసులో ఉండగా మూడుసార్లు ఆ హోదా నా గుమ్మం దాకా వచ్చి, ఇంట్లో చదువు లేదని తెలుసుకుని వెనక్కి మళ్ళింది.

నాకు నలభై ఎనిమిది.

మార్చి 4

ఎవరికీ చెప్పలేదు.

మార్చి 7, భోజనాల గంట

డ్యూటీలో రాస్తున్నాను. నేను ఈ ఊరి నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటులో ఆపరేటర్ని. నా గదిలో ఆరు గాజు జాడీలు వరసగా ఉంటాయి. అన్నింట్లోనూ ఒకే నీళ్ళు పోసి, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు పటిక వేసి, మర తిప్పి వదిలేస్తాను. కాసేపటికి మడ్డి దూదిపింజల్లా ముద్దకట్టి, ఏ తొందరా లేకుండా కిందికి దిగుతుంది. ఏ జాడీ ముందు తేటపడితే ఆ మోతాదే ఆ రోజు ఊరంతటికీ. పద్నాలుగేళ్ళుగా చూస్తున్నా ఆ దిగడం నాకు విసుగు పుట్టించలేదు. చూడగా చూడగా నేను కూడా ఏవో నీళ్ళలో నెమ్మదిగా దిగిపోతున్నట్టు ఉంటుంది. కిటికీ అవతల పెద్ద ట్యాంకుల్లో ఆకాశం కదలకుండా నిలబడి ఉంది. పక్షి ఒకటి ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకి ఎగిరింది. తడవలేదు.

ఇవాళ నాలుగో జాడీ.

మార్చి 9, ఆదివారం

మా ఆవిడకు చెప్పాను. ఆమె కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తుంది. ఇంట్లో కూడా మనిషిని ఒక కన్ను మూసి చూసే అలవాటు. ఉత్తరం చదివి, ఒక కన్ను మూసి నన్ను చూసి, ఏమండీ గ్రాడ్యుయేటు గారూ, ఇంట్లోకి బిడ్డ అడుగుపెట్టే వేళకి మీరు గడప దాటి పోతారా, అంది.

మాకు పిల్లలు లేరు. దత్తతకు దరఖాస్తు పెట్టి అయిదేళ్ళయింది. మా పేరు ఇప్పుడు వరసలో అందరికంటే ముందుకు వచ్చింది. నియమం ఏమిటంటే, బిడ్డ ఇంటికి వచ్చిన మొదటి సంవత్సరం భార్యాభర్తలిద్దరూ ఒకే కప్పు కింద ఉండాలి. లేకపోతే బిడ్డ వరసలో తర్వాతి కుటుంబానికి వెళుతుంది.

రిజర్వులో ఆరేళ్ళుగా ఎవరికీ పిలుపు రాలేదని చెప్పాను. ఆరేళ్ళు రాని బస్సు ఇవాళ రాదని మీకెవడు చెప్పాడు, అంది. కాసేపు అద్దం తుడుచుకుంటూ కూర్చుంది. తర్వాత, చేరండి, చేరకపోతే జన్మంతా నా మొహంలో ఆ హోదా వెతుక్కుంటారు, కానీ పాప వస్తే పాపే ముందు, అంది. సరేనన్నాను. ఈ ఒప్పందాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మార్చి 18

షాపులో ఉండగానే ఆమెకు ఫోను వచ్చిందట. ఆడపిల్ల. ఏడేళ్ళు.

మార్చి 22, శనివారం

పిల్లల హోముకు వెళ్ళాం. మా మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్న కుర్చీలు. గోడల మీది రంగు కాగితాలు ఫ్యాను గాలికి ఊపిరి తీస్తున్నట్టు లేస్తూ పడుతున్నాయి. అక్కడి ఆయా చెప్పింది, ఆ పిల్లను అందరూ ఇన్‌స్పెక్టర్ అంటారట. వచ్చినవాళ్ళ సంచులు తెరిపించి చూస్తుందట. ఇంతకుముందు రెండు కుటుంబాలు వచ్చి చూసి వెళ్ళి మళ్ళీ రాలేదు సార్, అదేమో వాళ్ళని నేనే ఫెయిల్ చేశానని చెప్పుకుంటుంది, అంది ఆయా.

ఇన్‌స్పెక్టర్ వచ్చింది. మా ఆవిడ సంచీ తనిఖీ అయింది. తర్వాత నన్ను ఏం పని చేస్తావని అడిగింది. నీళ్ళు శుద్ధి చేస్తానన్నాను. అంటే నీళ్ళు కడుగుతావా, అంది. ఒక విధంగా అవునన్నాను. నీళ్ళని దేంతో కడుగుతావు, నీళ్ళతోనా, అంది.

డిగ్రీలో ఈ ప్రశ్న రాలేదు.

మార్చి 24, సోమవారం

మెడికల్ పాసయ్యాను. ఎక్స్‌రే గదిలో ఊపిరి బిగబట్టమన్నారు. ఆ చల్లని పలక మీద ఛాతీ ఆనించి నిలబడినప్పుడు నాకు మళ్ళీ పందొమ్మిదేళ్ళు వచ్చి, ఊపిరి వదలగానే పోయాయి.

తర్వాత ఫారం. ఆధారపడిన పిల్లల సంఖ్య అని ఒక గడి. పొద్దున బయల్దేరేటప్పుడు మా ఆవిడ, పిల్లలెందరని అడిగితే ఒకటని రాయండి, అంది. కోర్టు ఆర్డరు రానిదే ఆ బిడ్డ చట్టప్రకారం మా బిడ్డ కాదు. సున్న అని రాశాను. అక్షరాల్లోనూ రాశాను.

క్లర్కు చూసి, సున్నా అయితే ఫస్టు లిస్టు సార్, పిలుపొస్తే ముందు మీరే, అన్నాడు. పిల్లలుంటే రెండో జాబితా. రెండో జాబితావారు ఇక్కడే డిపోలో ఉంటారు. వారికి విభాగం ఉండదు, వారెంట్ హోదా ఉండదు.

సంతకం పెట్టాను. నిజం రాశానని గర్వపడుతూ ఇంటికి నడిచాను. ఆ నిజం నాకు అనుకూలంగా కూడా ఉందన్న సంగతి సగం దారిలో గమనించాను. నడక ఆపలేదు. ఇంట్లో గడి సంగతి చెప్పలేదు.

మార్చి 29, శనివారం

వెల్ఫేర్ మేడమ్ ఇన్‌స్పెక్టర్‌ని మా ఇంటికి తీసుకొచ్చింది. మేడమ్ టీ తాగుతూ ప్రశ్నలు రాసుకుంది. అసలు తనిఖీ వేరే జరిగింది. ఇన్‌స్పెక్టర్ ఇంట్లోని కుళాయిలన్నీ ఒక్కొక్కటే తిప్పి, కట్టి, చెవి ఆనించి విన్నది. స్నానాల గదిలోంచి, నీళ్ళు కడిగేవాడివి, మీ కుళాయి కారుతోందేం, అని అరిచింది. మా ఆవిడ గోడ పట్టుకుని నవ్వింది. ఆమె అలా నవ్వి ఎన్నేళ్ళయిందో నేను లెక్క వేయలేదు, భయమేసింది.

తన కోసం మా ఆవిడ లేతపసుపు రంగు వేసిన గదిలో, ఇన్‌స్పెక్టర్ మంచం మీద బూట్లతోనే పడుకుని పైకి చూస్తూ, రాత్రి నాకు మెలకువొస్తే ఎవరు లేస్తారు, అని అడిగింది. ఆలోచించకుండా, నేను, అన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం, క్యాంపు

నది. పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే, నీళ్ళు ఎక్కడ అయిపోయి గాలి ఎక్కడ మొదలైందో తెలియలేదు. మంచులోంచి పంపు చప్పుడు వినిపిస్తుంది, పంపు కనిపించదు. గుడ్డతో చేసిన పెద్ద ట్యాంకు నెమ్మదిగా నిండుతూ, నిద్రపోయే జంతువులా పొంగింది. నా యూనిఫారం పాత కొలతలకే సరిపోయింది. ఒక్క బొత్తాం తప్ప.

మా విభాగానికి ఒక ఆచారం ఉంది. ఏ పుస్తకంలోనూ లేదు. శుద్ధి చేసిన నీళ్ళు మొదట ఆపరేటరే, అందరి ఎదుట, ఒక గ్లాసు తాగాలి. తర్వాత అరగంట అందరూ అతణ్ణి చూస్తూ కూర్చుంటారు. అతడు కూర్చోకూడదు. అరగంటకీ నిలబడే ఉంటే కుళాయి తెరుస్తారు. రెండు వందల మంది దప్పికతో నన్ను చూశారు. మంచు విడిపోతోంది. వారెంట్ సాబ్, టైమెంతయింది, అని ఎవరో అడిగారు. ఆ పిలుపు నాకేనని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ అరగంట నా జీవితంలో ఎంతో సుఖమైన అరగంట. దాచుకోకుండా రాస్తున్నాను.

నా కింద అదనపు ఆపరేటరుగా ఒక పంపు మెకానిక్కు ఉన్నాడు. నలభై ఏళ్ళవాడు. జాడీలను మరతో కాక గరిటెతో కలుపుతాడు కాబట్టి అందరికీ గరిటె. చిన్నప్పుడు జ్వరమొచ్చి వాసన పోయింది. క్లోరిన్ వాసన తెలియనివాడు నీళ్ళ పనికి ఎలా వచ్చావయ్యా అంటే, నా ముక్కు కళ్ళజోడు నిలబడ్డానికే అన్నా, అన్నాడు. పెళ్ళి కాలేదు. అడిగితే, సంబంధాలు దగ్గరికొచ్చాయి గానీ నాకే వాసన తగల్లేదు, అంటాడు.

ఏప్రిల్ 8

ప్లాంటులో కూర్చుంటే నది చెవుల్లోనే ఉంది.

ఏప్రిల్ 12

కోర్టు తేదీ ఖాయమైంది. జూన్ ఇరవై. ఆ రోజే ఇంటికి తెచ్చుకోవచ్చు. ఇన్‌స్పెక్టర్ తన సామాను జాబితా మాకు చెప్పి రాయించింది: బూట్లు రెండు జతలు, దువ్వెన, మూత లేని డబ్బా. మూత ఎందుకు లేదంటే, మూతుంటే లోపల ఏముందో అందరూ అడుగుతారు, అంది.

ఏప్రిల్ 16, బుధవారం

పిలుపు వచ్చింది. మొదటి జాబితా. మే 30న బయల్దేరాలి. తొమ్మిది నెలలు. పోరాటం జరుగుతున్న ప్రాంతం.

నీళ్ళ పని వెనకవరసలో ఉంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. ఉండదు. శిబిరాన్ని కదపవచ్చు, నదిని కదపలేరు. మేము ఎక్కడ ఉంటామో మనవాళ్ళకు ఎంత తెలుసో అవతలివాళ్ళకూ అంతే తెలుసు.

ఏప్రిల్ 17

మా ఆవిడ పిలుపు ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, మొదటి జాబితాలో మీరెందుకున్నారు, అంది. గడి సంగతి చెప్పాను. సున్నా అని రాశారా, అంది. అప్పటికి అదే నిజమన్నాను. అయితే ఆ గదికి రంగు వేసింది ఎవరికి, సున్నాకా, అంది.

కోర్టు ఆర్డరు రాలేదు కదా అని మళ్ళీ అన్నాను. అనకుండా ఉండవలసింది. మీ నిజాన్ని మీరే తీసుకెళ్ళి ఆ మంచం మీద పడుకోబెట్టండి, దుప్పటి నేను కప్పుతాను, అంది.

ఏప్రిల్ 18

ఈ రోజు మా ఇంట్లో మొత్తం ఎనిమిది మాటలు. అందులో మూడు నావి.

ఏప్రిల్ 20, ఆదివారం

బావమరిది వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. అక్క పిలిపించిందని నాకు తెలుసు, నాకు తెలుసని అతనికి తెలుసు. యాభై దగ్గర పడ్డాక మనుషులకి మోకాళ్ళ నొప్పులొస్తాయి బావా, నీకు యుద్ధమొచ్చిందేంటి, అన్నాడు. వెళ్ళి ఆ సున్నా దిద్ది ఒకటి వెయ్, అది గడే కదా, గోడ కాదుగా, అన్నాడు. ప్రభుత్వ పత్రం దిద్దడం నేరమన్నాను. అతను టీ కప్పు కింద పెట్టి, నువ్వు తిన్నగా నిలబడ్డం కోసం మా అక్క వంగిపోతోంది బావా, అన్నాడు. తర్వాత టీ బాగుందన్నాడు.

ఏప్రిల్ 23

రిజర్వు ఆఫీసు. అదే క్లర్కు. మర్యాదస్థుడు. సంఖ్య మార్చవచ్చునా అని అడిగాను. సార్, పాప ఉందా, లేదా, ఒక్కమాట చెప్పండి చాలు, అన్నాడు. నా వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒక్కమాట చెప్పలేకపోయాను.

అతనే జాలిపడి చెప్పాడు. పిలుపు వచ్చాక గడి మారదు. సంతకం చేసిన తొంభై రోజుల్లో విరమణ ఉత్తరం ఇవ్వవచ్చు. పేరు కొట్టేస్తారు. హోదా పోతుంది, మళ్ళీ ఎన్నటికీ చేర్చుకోరు. నా స్థానం ఖాళీగా ఉండదు కూడా. తర్వాతి పేరు ఎవరిదని అడిగాను. మీ అదనపు ఆపరేటరుదే సార్, ఆ పంపు మెకానిక్కు, అన్నాడు.

ఏప్రిల్ 24, మధ్యాహ్నం

కుర్చీలో కునుకు పట్టింది. కలలో పెద్ద ట్యాంకు అడుగున ఒక గది ఉంది, లేతపసుపుది. పైనుంచి తెల్లని ముద్దలు నెమ్మదిగా దిగి మంచం మీద, కుర్చీ మీద, నా భుజాల మీద వాలుతున్నాయి. తుడుచుకోవాలనిపించలేదు. ఎవరో పైన నడుస్తున్నారు. ఆ నడక నాకు తెలుసు గానీ పేరు గుర్తుకు రాలేదు.

మెలకువ వచ్చేసరికి జాడీలు ఆరూ తేటపడి ఉన్నాయి. ఏది ముందో చూడలేదు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి పరీక్ష మళ్ళీ చేశాను.

ఏప్రిల్ 26, శనివారం

హోములో వెల్ఫేర్ మేడమ్‌కు పిలుపు సంగతి చెప్పాను. దాచడం నాకు చేతకాదు. ఆమె పెన్ను కింద పెట్టేసింది. మీరు మే ముప్పయ్యో తారీఖున బయల్దేరితే ఫైలు ఆ రోజుతో ఆగిపోతుందండీ, పాప తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది, ఇందులో నా చేతుల్లో ఏం లేదు, అంది. మా ఆవిడ కిటికీలోంచి ఆటస్థలాన్ని చూస్తోంది. ఆటస్థలంలో ఎవరూ లేరు.

ఇన్‌స్పెక్టర్ తలుపు వెనక ఉంది, అంతా వింది. మేము బయటికి రాగానే, ఫెయిలా, అని అడిగింది. ఎవరు, అన్నాను. నువ్వో నేనో, అంది.

ఏప్రిల్ 27

విరమణ ఉత్తరం నాలుగుసార్లు రాశాను. కారణం అన్న చోట కుటుంబ కారణాలని రాస్తే చాలని క్లర్కు చెప్పి ఉన్నాడు. మూడు ప్రతుల్లో అలాగే రాశాను. నాలుగోదానిలో, నా కూతురు జూన్ ఇరవయ్యో తేదీన ఇంటికి వస్తున్నది, అని రాశాను. చట్టప్రకారం ఆ వాక్యంలో ఒక అసత్యం ఉంది. దిద్దలేదు.

మా ఆవిడ చదివి, కవరు మీద జిగురు తనే రాసింది.

మే 4, ఆదివారం

గరిటె పనిచేసే పంపుల షెడ్డుకు వెళ్ళాను. నేను చెప్పేలోపే జేబులోంచి కాగితం తీసి చూపించి, అన్నా, నీ సీటు నాకొచ్చింది, కిటికీ పక్కనేనా, అన్నాడు. నేను నవ్వలేదు. ఇదిగో, నువ్విట్లా మొహం పెడితే నాకు నిజంగానే భయమేస్తుంది, అన్నాడు.

క్షమించమని అడగడానికి వాక్యం తయారుచేసుకుని వెళ్ళాను. పెద్ద వాక్యం. నోట్లోనే ఉండిపోయింది. దాని బదులు, పని నేర్పుతానన్నాను.

మే 11, ఆదివారం

ముక్కు లేని మనిషికి క్లోరిన్ నేర్పడం. నీళ్ళలో మాత్ర వేసి, ఎంత గులాబీ రంగు తిరిగితే ఎంత ఉందో పోల్చడం నేర్పాను. కళ్ళు మండితే ఎక్కువైందని గుర్తు. మర వాడమన్నాను. గరిటెతోనే నాకు చెయ్యి కుదురుతుందన్నాడు. గరిటెతో అతని నీళ్ళు నా నీళ్ళకంటే ముందు తేటపడ్డాయి. ఒప్పుకున్నాను. ఎండ జాడీల్లోంచి దూరి బల్ల మీద ఆరు నీళ్ళ నీడలు పరిచింది. ఇద్దరం వాటినే చూస్తూ కూర్చున్నాం. ఏ నెలా కానట్టు, ఎవరూ ఎక్కడికీ వెళ్ళనట్టు.

మాత్రలు అయిపోతే, అని అడిగాడు. అతను జోకు కాని మాట మాట్లాడటం అదే మొదటిసారి వినడం. ఎక్కువైతే కళ్ళు చెబుతాయి. తక్కువైతే చెప్పేది ముక్కొక్కటే. పక్కవాణ్ణి వాసన చూడమని అడుగు, అన్నాను. అడుగుతాలే, నీ అంత పొడుగు ముక్కున్నవాడు దొరకాలిగా, అన్నాడు.

మే 24

మొదటి గ్లాసు తాగేముందు ఇంకొకరు వాసన చూడకపోతే తాగనని గరిటె చేత ఒట్టు వేయించుకున్నాను. ఆచారం ప్రకారం ఆపరేటరు కంటే ముందు గ్లాసు ఎవరూ ముట్టుకోకూడదు. ఆచారాన్ని నేనే తప్పించాను.

మే 30

బస్సు కదిలింది. సెల్యూట్ చేసే అర్హత నాకు ఉన్నదో లేదో తెలియలేదు; యూనిఫారం అప్పగించేశాను. చెయ్యి సగం లేచి ఆగింది. గరిటె కిటికీలోంచి తల బయటపెట్టి, అన్నా, పాప నీకెన్ని మార్కులేసిందో రాయి, అని అరిచాడు. కిటికీ పక్కనే కూర్చున్నాడు.

జూన్ 20, శుక్రవారం

వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి, బూట్లు రెండు జతలతో, దువ్వెనతో, మూత లేని డబ్బాతో. డబ్బాలో ఏముందో మేము అడగలేదు. తనిఖీ పూర్తయ్యాక మధ్యాహ్నమే నిద్రపోయింది. ఇంట్లో గాలి కూడా వేళ్ళ మీద నడిచింది. మా ఆవిడ, నేను ఆ గది గుమ్మం బయట నేల మీద కూర్చుని, చీకటి పడేదాకా ఏమీ చేయలేదు. మా ఆవిడ నా భుజం మీద తల ఆనించి, ఏమండీ, ఇది నిజమేనా, అంది. కోర్టు ఆర్డరు బీరువాలో ఉందన్నాను. మిమ్మల్ని మార్చడం ఆ దేవుడి తరం కూడా కాదు, అంది.

గరిటెకు ఉత్తరం రాశాను. మార్కులు ఇంకా చెప్పలేదని.

జూన్ 24

గరిటె ఉత్తరం వచ్చింది. నాలుగు వాక్యాలు. నది వెడల్పుగా ఉందట. మాత్రలు సగం ఉన్నాయట. వాసన చూడటానికి ఒక వంటవాడు దొరికాడట. మార్కులు అడిగాడు.

జూలై 6

ఉత్తరం లేదు. రిజర్వు ఆఫీసుకు వెళ్ళాను. నా పేరు కొట్టేసి ఉంది కాబట్టి నాకు ఏమీ చెప్పకూడదట. క్లర్కు ఆ మాట తల ఎత్తకుండా చెప్పాడు.

జూలై 13

ఉత్తరం వచ్చి పందొమ్మిది రోజులు.

ఈ పుస్తకం చదవవలసినవారు: మొదట గరిటె, తిరిగి వచ్చాక, నా ఎదుట కూర్చుని. తర్వాత మా ఆవిడ. తర్వాత మా అమ్మాయి, పద్దెనిమిది నిండాక, తనే అడిగితే.

గరిటె రాకపోతే వాళ్ళిద్దరూ చదవకూడదు. అప్పుడు నేను ఒక్కణ్ణే చదవాలి. ఏటా మే ముప్పయ్యో తేదీన, మొదటి పేజీ నుంచి, నిలబడి, పైకి.